ముప్పై నాలుగో ఏటి వాన

నాలుగో రోజు కూడా మామగారు తన కంచం తనే కడుక్కున్నారు.

కడిగి, తుడిచి, కోడలు చూస్తూండగానే అరలో బోర్లించారు. కంచం మీద ఒక్క నీటిచుక్క మిగల్లేదు. ముప్పై ఆరేళ్ళు యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు బైండు చేసిన చెయ్యి అది. అలిగినా పని మాత్రం శుభ్రంగానే చేస్తుంది.

"ఏమండీ, కాఫీ చల్లారిపోతోంది," అంది అత్తగారు.

"నాకు వద్దని చెప్పు."

"ఎవరికి చెప్పను? కలిపింది నేనే."

ఆయన ఒక్క క్షణం తడబడ్డారు. రోజూ పొద్దుటి కాఫీ కోడలి చేతిది. "అయితే ఇలా తే," అని గ్లాసు అందుకుని, కోడలికి వీపు పెట్టి, కిటికీ దగ్గర నిలబడి తాగారు.

వాళ్ళిద్దరి మధ్యా భోజనాల బల్ల మీద ఒక కాగితం ఉంది. ఆదివారం నుంచీ అక్కడే ఉంది. ఉప్పుగిన్నె బరువు పెట్టి ఉంది. బల్ల తుడిచేటప్పుడు అత్తగారు దాని చుట్టూ తుడుస్తోంది తప్ప దాన్ని కదపడం లేదు. అది కోడలు లైబ్రరీ నుంచి తెచ్చుకున్న చిత్తుప్రతి. అందులో చివరి వాక్యం కింద పెన్సిలుతో గీత ఉంది. మామగారు గీసిందే. స్కేలు పెట్టి మరీ గీశారు.

'ముప్పై నాలుగో సంవత్సరం రిజిస్టరు లేదు. బైండింగు సమయంలో పోయి ఉండవచ్చు.'

కొడుకు బూట్లు తొడుక్కుంటూ ఆ కాగితం వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"నన్ను మాత్రం మధ్యలో పెట్టద్దు," అన్నాడు. "నిన్నంతా 'మీ ఆవిణ్ణి అడుగు', 'మీ నాన్నగారిని అడగండి'. నాది మందుల షాపు. చీటీ చూసి మందివ్వడం నా పని. మీరిద్దరూ చీటీ కూడా రాసివ్వరు."

"నువ్వు వెళ్ళరా, ఆలస్యమవుతుంది," అంది వాళ్ళమ్మ.

అతను వెళ్ళాక కోడలు ఉప్పుగిన్నె పక్కకు జరిపి, కాగితం చేతిలోకి తీసుకుంది.

"మామయ్యగారూ, ఎల్లుండే శుక్రవారం. ఆ రోజు ఈ వాన రిజిస్టర్లన్నీ ఇంటర్నెట్లో అందరికీ తెరుస్తున్నాం. ఏ దేశంలో కూర్చున్నవాళ్ళైనా చదువుకోవచ్చు. ఈ వాక్యం కూడా చదువుతారు. అది తప్పని మీరంటే, ఎలా తప్పో చెప్పండి. ఇప్పుడే కొట్టేస్తాను."

ఆయన కిటికీతోనే మాట్లాడారు. "నా చేతిలో కాగితం పోదని చెప్పు."

"నాకు తెలుసు. అందుకే మూడు వారాలు వెతికాను. అరవై ఒక్క కట్టలు అందినట్టు సంతకాలున్నాయి. అరవై పుస్తకాలు తిరిగి ఇచ్చినట్టు సంతకాలున్నాయి. అన్ని సంతకాలూ మీవే."

"పెద్దవాళ్ళను పట్టుకుని సంతకాలు లెక్కపెడతావుటే అమ్మాయ్," అంది అత్తగారు. కసిరినట్టు అనలేదు. ఎక్కడో ఒకచోట ఆపాలని అంది.

"మీరు వంకాయలు కూడా తిప్పితిప్పి చూసి కొంటారు కదా అత్తయ్యా. ఇది అంతకంటే ఎక్కువ కాలం నిలవాల్సింది."

"నా గదిలోంచి," అని మొదలుపెట్టారు మామగారు, "దారప్పోగు కూడా ఇంటికి..."

ఆగిపోయారు.

ఆ మాట ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నా గదిలోంచి దారప్పోగు కూడా ఇంటికి రాలేదు. పదవీవిరమణ సభలో అన్నారు, బంధువుల ముందు అన్నారు, మనవరాలి నోటుపుస్తకానికి అట్ట వేస్తూ అన్నారు. ఎప్పుడూ సగంలో ఆపలేదు. కోడలు అది గమనించింది.

"ఈయన పనితనం మీద అనుమానం ఉన్నవాళ్ళు నా పెళ్ళి ఆల్బమ్ చూడండి," అంది అత్తగారు, భర్త వైపు వకాల్తా పుచ్చుకుని. "చేత్తో కట్టి ఇచ్చారు. నలభై రెండేళ్ళయింది. ఒక్క మూల లేచిందేమో చూపించమనండి."

మామగారు కాఫీగ్లాసు సగంలోనే వదిలేసి లోపలికి వెళ్ళిపోయారు.

*

లైబ్రరీ రెండో అంతస్తులో చివరి గది ఒకప్పుడు బైండింగు గది. ఇప్పుడు దాని తలుపు మీద 'ఉమ్మడి గది' అని రాసి ఉంటుంది. ఆ పేరు విన్నప్పుడు అత్తగారు నవ్వింది. "ఇంట్లో ఉమ్మడి చాల్లేదా, ఆఫీసులో కూడా పెట్టుకున్నావు?"

నిజానికి చాలా విషయాల్లో అది ఇల్లులాగే ఉంటుంది. పన్నెండు మంది కూర్చోగల ఒక్కటే పొడుగాటి బల్ల. పాత పుస్తకాన్ని వెన్ను విరక్కుండా ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు పెట్టి, పైనుంచి ఫొటోలు తీసే రెండు కెమెరాలు. గోడవారగా కంప్యూటర్లు. ఏ శాఖవాళ్ళైనా రావచ్చు, ఎవరి పని వాళ్ళు తెచ్చుకోవచ్చు. తలుపు మూసుకుని పని చేసుకునేవాళ్ళకు మాత్రం అక్కడ చోటు లేదు.

మూలన ఒక పెద్ద ఇనుప ప్రెస్సు ఉంది. పైన గుండ్రటి చక్రం తిప్పితే పుస్తకాలను అణిచి పట్టేది. బైండింగు గది మూసేసినప్పుడు ఆరుగురు మనుషులు కలిసినా దాన్ని కదపలేకపోయారు. ఇప్పుడు దాని మీద కోడలు తన సంచీ పెట్టుకుంటుంది.

గది ఆమె చేతిలో ఉంది గాని, అక్కడ ఆమెకు సొంత పరిశోధనంటూ లేదు. ఒకరి పక్కన కూర్చుని ఫొటో ఎలా తీయాలో చూపిస్తుంది. ఇంకొకరికి, తీసిన ఫొటోలకు ఏ పేర్లు పెడితే పదేళ్ళ తర్వాత కూడా దొరుకుతాయో చెబుతుంది. ఈ బల్ల దగ్గరివాళ్ళకు ఆ బల్ల దగ్గరివాళ్ళను పరిచయం చేస్తుంది. 'పేరు వాళ్ళది, పాటు నీది' అని ఆడపడుచు ఒకసారి అంది. గదిలో తయారైనది ఒక్కటి పూర్తిగా బయటకు వెళ్ళనీ అనుకుంది కోడలు. ఆ ఒక్కటీ ఈ శుక్రవారమే వెళ్ళబోతోంది.

ఆ గదికి ఒక పద్ధతి పెట్టింది కూడా ఆమే. ఎవరికి ఏ చిక్కు వచ్చినా గోడ మీది తెల్లబోర్డు మీద రాయాలి. దారినపోయే ఎవరైనా దాని కింద జవాబు రాయచ్చు. అడగడానికి సిగ్గుపడేవాళ్ళు ఉంటారు, చెప్పడానికి మొహమాటపడేవాళ్ళు ఉంటారు. బోర్డుకు ఆ రెండూ లేవు.

మూడు వారాలుగా ఆ బోర్డు మీద ఒకే ప్రశ్న చెరగకుండా ఉంది. 'ముప్పై నాలుగో ఏటి వాన ఎక్కడికి పోయింది?'

రాసింది వానమ్మ. అసలు పేరేదో ఉంది గాని అది హాజరుపట్టీలోనే. యూనివర్సిటీ వాతావరణ కేంద్రంలో అరవై ఒక్క ఏళ్ళ పాటు రోజూ కొలిచి రాసిన వాన రిజిస్టర్లను మూడేళ్ళుగా కంప్యూటరుకెక్కిస్తున్న పరిశోధకురాలు. ప్రశ్న కింద లెక్కల లెక్చరరు 'ఆవిరైంది' అని రాశాడు. ఇంకెవరో 'గొడుగు వేసుకుని వెతకండి' అని రాశారు.

"మేడమ్, ఒక్క ఏడే కదా, పక్క రెండేళ్ళూ చూసి మధ్యలోది అంచనా కట్టి వేసేస్తే?" అన్నాడు లెక్కల లెక్చరరు. "లెక్కకు నేను పూచీ."

"మీ మొదటి అబ్బాయినీ మూడో అబ్బాయినీ చూసి రెండోవాడు ఎలా ఉంటాడో చెప్పగలనా సార్?" అంది వానమ్మ.

"చెప్పలేవు. వాడు అచ్చం వాళ్ళ మేనమామ."

అందరూ నవ్వుతూండగా కోడలు తలుపు వైపు చూసి, ఉన్నచోటనే నిలబడిపోయింది.

గుమ్మంలో మామగారు ఉన్నారు.

పదవీవిరమణ చేసిన ఎనిమిదేళ్ళలో ఆయన ఈ మెట్లు ఎక్కలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. చెప్పులు బయట విప్పి, పాతరోజుల్లో విప్పినచోటే గోడకు ఆనించి పెట్టారు. లోపలికి వచ్చి ప్రెస్సు వైపు చూశారు. దాని మీదున్న కోడలి సంచీని తీసి బల్ల మీద పెట్టి, చక్రాన్ని ఒకసారి తిప్పి చూశారు. అది కిర్రుమంది.

"నూనె పెట్టడం లేదు," అన్నారు, ఎవరితోనూ కాదు.

కోడలితో మాట్లాడలేదు. బోర్డు దగ్గరకు వెళ్ళి, వానమ్మ ప్రశ్న, దాని కింది జవాబులు నిదానంగా చదివారు. గొడుగు దగ్గర కాస్త ఆగారు. తర్వాత పెన్ను మూత తీసి, పుస్తకం వెన్ను మీద బంగారు అక్షరాలు దిద్దే చేత్తో, అన్నిటికంటే కింద ఒక్క వరుస రాశారు.

'పోలేదు. బైండింగులోనే ఉంది.'

వానమ్మ కుర్చీలోంచి లేచింది.

"తాతగారూ, మీరు?" అంది వానమ్మ.

"ఆ అరవై పుస్తకాలూ కట్టినవాణ్ణి."

"అంటే... ఆ ఏడాదిది వేరే పుస్తకంలో కలిసిపోయిందా అండీ? అరవై పుస్తకాల్లోనూ ప్రతి పేజీ చూశాను నేను."

"పేజీల్లో వెతికావు. అట్టల్లో వెతకలేదు."

ఆయన బల్ల చివర కూర్చున్నారు. చెప్పేదంతా వానమ్మకే చెప్పారు. కోడలు రెండు కుర్చీల అవతల ఉంది.

"ఆ ఏడు వాన కొలిచే స్టేషను కప్పు కారింది. కట్ట తడిసి అంటుకుపోయి వచ్చింది. అప్పటి ఆఫీసరు పైన ఎర్రపెన్సిలుతో 'పనికిరానిది' అని రాశాడు. సరిగ్గా అప్పుడే మాకు అట్ట రావడం ఆగిపోయింది. ఆరు నెలలు అట్ట లేదు. అప్పటి పెద్దసారు గదిలోంచి రోజూ కబురు, సందర్శకుల పుస్తకం తయారైందా అని. లైబ్రరీకి పాతికేళ్ళు నిండుతున్నాయి, పెద్దపెద్దవాళ్ళు వచ్చి సంతకాలు పెట్టాలి. అట్ట లేదంటే వినేదెవరు? కాగితం మీద కాగితం అతికించి ప్రెస్సులో అణిస్తే అట్ట అవుతుంది. చేత్తో చేసిన అట్ట, కొన్నదానికంటే గట్టిది. మంచి దళసరి కాగితం ఎదురుగా ఉంది. పనికిరానిదని రాసి కూడా ఉంది."

"కింద అద్దాల పెట్టెలో ఉందే, ఆ సందర్శకుల పుస్తకమా?" అన్నాడు లెక్కల లెక్చరరు.

"అదే."

లైబ్రరీలోకి అడుగుపెట్టిన ప్రతివాడూ మొదట చూసేది ఆ పుస్తకాన్నే. ముదురు ఎరుపు తోలు, అంచున బంగారు గీత, మూలలు ఇవాళ కట్టినట్టు ఉంటాయి. కోడలు కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మామగారు ఆమెను తీసుకొచ్చి చూపించిన మొదటి వస్తువు అది.

"మామయ్యగారూ," అంది ఆమె, "ఇది మీకు ఎప్పుడు తెలుసు?"

నాలుగు రోజుల్లో మొదటిసారి ఆయన ఆమె కళ్ళలోకి చూశారు.

"నీ కాగితం చదివినప్పుడు గుర్తొచ్చింది అమ్మాయ్. మొదట కోపం వచ్చింది. గీత గీశాను. గీత పూర్తయ్యేసరికి గుర్తొచ్చింది."

అయితే ఈ నాలుగు రోజులూ ఆయన కడుక్కున్న కంచం తన మీద అలక కాదన్నమాట. కోడలు ముందున్న కాగితాలను సర్దడం మొదలుపెట్టింది. అవి సర్దే ఉన్నాయి.

*

పెద్ద లైబ్రేరియను, అందరూ పెద్దసారు అనే ఆయన, అద్దాల పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇది లైబ్రరీ గౌరవం మాస్టారూ. ఎల్లుండి వచ్చేవాళ్ళంతా ముందు దీన్నే చూస్తారు. దీన్ని పట్టుకుని చీలుస్తానంటారేమిటి?"

"చీల్చను. విప్పుతాను."

"తేడా ఏమిటి?"

"చీల్చినవాడు మళ్ళీ కట్టలేడు."

పెద్దసారు కోడలి వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి. ఒక్క ఏడాది వాన కోసం ఇంత అవసరమా?"

అవసరం లేదంటే ఆ అందమైన పుస్తకం అలాగే ఉంటుంది. మామగారి చేతి పని అద్దం వెనక ఇంకో నలభై ఏళ్ళు మెరుస్తుంది. అవసరమంటే ఆ చేతులే దాన్ని ఊడదీస్తాయి. కోడలు ఒక్కసారి మామగారి వైపు చూసింది. ఆయన ఆమె జవాబు కోసం చూడటం లేదు, పెట్టె తాళం వైపు చూస్తున్నారు.

"సంతకాల పేజీలకు ఏమీ కాదు సార్," అంది. "వాటిని నిరుడే ఫొటోలు తీశాం. అట్ట లోపల ఉన్నదానికి మాత్రం ఈ భూమ్మీద ఇంకో ప్రతి లేదు. పైన తోలు చూసి గర్వపడుతున్నాం, లోపల ఏముందో తెలిశాక కూడా పైదాన్నే చూపిస్తూ కూర్చోలేను."

పెద్దసారు చాలాసేపు పెట్టె చుట్టూ తిరిగాడు. చివరికి తాళంచెవి తీసి ఇచ్చాడు. ఇచ్చింది కోడలికి కాదు, మాస్టారికి.

*

బుధవారం మధ్యాహ్నం తోలు విప్పడానికే సరిపోయింది. అట్టలను తడి అద్దుడు కాగితాల మధ్య పెట్టి వదిలేశారు. "తొందరపడితే చిరుగుతుంది. నాననివ్వాలి," అన్నారు మామగారు. గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పలచటి ఎముక రేకు ఒకటి సంచీలోంచి తీశారు. ఆ రేకుకు ఆయనతో సమానంగా సర్వీసు ఉంది.

ఆ వేళకు గది నిండిపోయింది. భాషాశాఖ వాళ్ళు, లెక్కలవాళ్ళు, పాత పాటల టేపులు బాగుచేసుకునే సంగీతం టీచరు, అందరూ ఎవరి పని వాళ్ళు ఆపి బల్ల చుట్టూ చేరారు. పెద్దసారు కూడా వచ్చి, చూడనట్టు కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"మైదా జిగురు. అందులో కాస్త మైలుతుత్తం కలిపాను, పురుగు పట్టకుండా," అన్నారు మామగారు రేకును అంచులోకి పోనిస్తూ. "కాగితం పాడవకుండా ఉండాలని కలిపాను. ఎందుకుండాలో అప్పుడు తెలియదు."

"సిరా కరిగిపోయి ఉంటుందేమో తాతగారూ," అంది వానమ్మ.

"నీ మిగతా అరవై ఏళ్ళూ దేంతో రాశారు?"

"పెన్సిలుతో."

"వానలో నిలబడి రాసేవాళ్ళు సిరాతో రాయరు. పెన్సిలుకు తడి భయం లేదు. అమ్మాయ్, నువ్వు ఆ చివర పట్టుకో."

కోడలు పట్టుకుంది. ఆయన లేపిన వైపు ఆయన, ఆమె పట్టుకున్న వైపు ఆమె, ఊపిరి బిగబట్టి ఒకే వేగంతో ఎత్తారు. మొదటి కాగితం లేచింది. దాని మీద ఏడు వరుసలు, ఏడు రోజులు, ఎవరిదో గుండ్రటి చేతిరాత. 'సోమ. వాన లేదు. మంగళ. వాన లేదు. బుధ. మబ్బు పట్టి విడిచింది.'

వానమ్మ చదవడం మొదలుపెట్టింది గాని రెండో వరుసలో ఆపేసి కళ్ళజోడు తుడుచుకుంది.

ఆ తర్వాత ఎవరూ ఎవరికీ పని చెప్పలేదు. మామగారు, కోడలు ఎత్తుతుంటే సంగీతం టీచరు అందుకుని ఆరబెడుతోంది. లెక్కల లెక్చరరు వారాలు లెక్కపెట్టి వరుసలో పెడుతున్నాడు. ఆరినవాటిని అద్దుడు కాగితాల మధ్య పెట్టి ప్రెస్సులోకి పంపారు. చక్రం తిప్పడానికి పెద్దసారు కోటు విప్పాడు. ఎవరో దానికి నూనె పెట్టారు.

తన గదిని ఆ రోజు కోడలు మొదటిసారి కొత్తగా చూసింది. కంప్యూటర్లు, కెమెరాలు, బల్ల కొన్నప్పుడు వాటితో గది తయారైందనుకుంది. నలభై రెండేళ్ళ కిందట ఈ గోడల మధ్యే అతికినది, ఈ గోడల మధ్యే విడిపోతోంది. ఇదంతా అద్దాల పెట్టెలో లేని గౌరవం.

నాలుగు గంటలకు రెండు అట్టలూ పూర్తయ్యాయి.

"నలభై," అన్నాడు లెక్కల లెక్చరరు.

"మళ్ళీ లెక్కపెట్టండి సార్," అంది వానమ్మ. "వారానికో కాగితం. యాభై రెండు ఉండాలి."

"నలభై అంకె నాకు వచ్చు తల్లీ. మొదటి నలభై వారాలు. చివరి పన్నెండు లేవు."

వానమ్మ కాగితాల వరుస పొడుగునా నడిచి, చివర ఆగింది. "ఈ నలభై వారాల్లో వానే లేదు. అక్కడక్కడ జల్లులు. స్టేషను కప్పు కారేంత వాన ఆ పన్నెండు వారాల్లోనే పడి ఉండాలి." తర్వాత తనే సర్దుకుంది. "ఫరవాలేదు తాతగారూ. నిన్నటికి ఏమీ లేదు. ఇవాళ నలభై వారాలున్నాయి."

మామగారు ఎముక రేకును తుడిచి సంచీలో పెట్టుకుంటున్నారు. పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

*

అందరూ సర్దుకున్నాక కోడలు కంప్యూటరు ముందు కూర్చుంది. మామగారు వెనక నిలబడ్డారు.

"ఏమని రాస్తున్నావు?"

ఆమె చదివింది. "'ముప్పై నాలుగో సంవత్సరం: నలభై వారాలు దొరికాయి. కట్ట పనికిరానిదనుకుని బైండరు దానితో అట్టలు చేశారు. వాటిని చేసిన బైండరే విప్పారు.'"

"'అనుకుని' అన్న మాట తీసెయ్."

"ఎందుకండీ?"

"నేనేమీ అనుకోలేదు. ఎవరో రాశారు, నేను అడగలేదు. పుటలు లెక్కపెట్టకుండా ఏ పుస్తకమూ కుట్టనివాణ్ణి, ఆ రోజు వాన లెక్కలు ఎవరికి కావాలిలే అని జిగురు పూశాను. 'అడగకుండా' అని రాయి."

ఆమె దిద్దింది. "పేరు వెయ్యనా?"

"వెయ్యి. బాగా కట్టిన ప్రతి పుస్తకం వెనకా చీటీ మీద పేరు అంటించుకున్నాను. దీనికి మాత్రం దాక్కోవడమెందుకు?"

ఆమె పేరు కొట్టింది. ఆయన వంగి, అక్షరం అక్షరం చూసి, తల ఊపారు. ఆయన ముఖంలో సిగ్గు లేదు. ఆమెకు ఆ క్షణంలో ఆ వాక్యం తను ఇన్నేళ్ళలో రాసినవాటన్నిటికంటే బాగున్నట్టనిపించింది.

"మిగతా పన్నెండు వారాలు?" అంది. "రేపటికి 'దొరకలేదు' అని వెయ్యాలి. వెయ్యనా?"

మామగారు చెప్పులు వేసుకోవడానికి బయటకు నడిచారు.

*

ఇంటికి నడిచే దారిలో, మలుపు దగ్గర, ఆయన ఆగారు.

"అమ్మాయ్. నా గదిలోంచి దారప్పోగు కూడా ఇంటికి రాలేదని అంటూంటాను కదా."

"అవునండీ."

"దారప్పోగు రాలేదు."

కోడలు ఎదురుచూసింది. రోడ్డు మీద సైకిళ్ళు పోతున్నాయి.

"రెండు అట్టలు వచ్చాయి," అన్నారు. "చిన్నవి. ఆ సందర్శకుల పుస్తకానికి వాడగా మిగిలిన కాగితాలతో చేశాను. ఒక్కోదానిలో ఆరు కాగితాలు. అప్పుడే పెళ్ళి కుదిరింది. ఆవిడకు నా చేత్తో కట్టినదేదైనా ఇవ్వాలనిపించింది."

ఆమెకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆదివారం నుంచి ఆయన కడుక్కున్న కంచాలు, సగంలో ఆగిపోయిన మాట, వదిలేసిన కాఫీగ్లాసు, అన్నీ వచ్చి వరుసలో కూర్చున్నాయి.

"అత్తయ్యకు తెలుసా?"

"తెలిస్తే నలభై రెండేళ్ళు దాన్ని అలా చూసుకునేదా? చేతులు కడుక్కోకుండా నన్నే ముట్టుకోనివ్వదు."

"రేపు పొద్దున పదింటికి తెరుస్తున్నాం మామయ్యగారూ."

"తెలుసు. ఇవాళ రాత్రి నానబెడితే గాని తెల్లారేసరికి లేవవు."

మిగతా దారంతా ఇద్దరూ మాట్లాడుకోలేదు. మొన్నటి మౌనం వేరు, ఇది వేరు. ఇది ఇద్దరూ కలిసి మోస్తున్నది.

ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. ముందుగదిలో అత్తగారు సోఫా మధ్యలో కూర్చుంది. పక్కన పక్కింటావిడ. అత్తగారి ఒళ్ళో పట్టుగుడ్డ పరిచి, దాని మీద పెళ్ళి ఆల్బమ్ తెరిచి ఉంది. లైబ్రరీ కబురు వీళ్ళకంటే ముందే ఇల్లు చేరినట్టుంది.

"రండి రండి," అంది అత్తగారు. ఇన్నేళ్ళలో కోడలు ఆమె ముఖం అంత వెలిగిపోవడం చూడలేదు. "ఇంతసేపూ ఈవిడకు అదే చెబుతున్నాను. యూనివర్సిటీ అంతా నిలబడి చూసిందిట కదా మీ పని. అద్దాల పెట్టెలోది విప్పేస్తే విప్పేశారు, పోనివ్వండి. ఇదుంది కదా. ఆయన చేతి పని చూడాలంటే ఇక మా ఇంటికే రావాలి అందరూ."

"మూలలు చూడండి, నిన్న కట్టినట్టున్నాయి," అంది పక్కింటావిడ లేస్తూ. "అదృష్టవంతురాలివమ్మా." ఆవిడ వెళ్ళిపోయింది.

మామగారు వచ్చి అత్తగారి పక్కన, ఖాళీ అయిన చోట కూర్చున్నారు. కోడలి వైపు చూడలేదు.

"నేను చేతులు కడుక్కుని వస్తాను," అంది కోడలు.

"కడుక్కో. జిగురు చేతుల్తో దీన్ని ముట్టుకునేవు," అంది అత్తగారు మురిపెంగా.

ఆమె వంటింట్లో పంపు తిప్పింది. వేళ్ళ సందుల్లో ఇంకా నలభై రెండేళ్ళ నాటి మైదా ఉంది. రుద్దితే తెల్లగా వదులుతోంది. నీళ్ళ చప్పుడులోంచి ముందుగదిలో అత్తగారి గొంతు వినబడింది. మొదట నవ్వుతున్నట్టు, తర్వాత నవ్వు ఆగినట్టు.

"ఏమిటండీ, దాని అట్ట అంచుని అలా గోటితో తడిమి చూస్తున్నారు?"

కోడలు పంపు కట్టేసింది.